స్కూల్లో చేర్చే ముందు తల్లిదండ్రులు ఏమేం అడగొచ్చు, స్కూల్ ఏమేం చెప్పి తీరాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మేడ్చల్ జిల్లాలో ఉంటున్నారు. పాపను ఆరో తరగతికి ఒక పెద్ద ప్రైవేటు స్కూల్లో చేర్పించడానికి వెళ్లారు. ముందు పాపతో పరీక్ష రాయించారు. ఏడాదికి ఇంత అని ఒక తెల్ల చీటీ మీద రాసిచ్చారు. దేనికెంత అని అడిగితే "అది మేనేజ్‌మెంట్ పాలసీ, బయటికివ్వం" అన్నారు. గుర్తింపు పత్రం చూపించమంటే మాట దాటేశారు. స్కూల్ నియమాలన్నీ ఒప్పుకుంటున్నామని సంతకం మాత్రం అడిగారు, ఆ నియమాలేంటో కాగితం ఇవ్వలేదు. ఇవన్నీ తెలుసుకునే హక్కు మాకు ఉందా, లేక స్కూల్ దయేనా అని మీ సందేహం.

హక్కు ఉంది. ఆ స్కూల్‌కు ఏ తరగతి వరకు గుర్తింపు ఉంది, మీరు కట్టే డబ్బు ఏ ఫీజు కింద పోతోంది, మీ పాప చదువు ఎలా సాగుతోంది అన్న మూడు విషయాల్లో గట్టిగా అడగొచ్చు. స్కూల్ వాళ్లు చెప్పకపోయినా ఆ కాగితాల్లో చాలావరకు జిల్లా విద్యాధికారి ఆఫీసులో ఫైల్లో ఉంటాయి. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అక్కడి నుంచి తీసుకోవచ్చు. ఆ దారి కూడా కింద రాశాను.

నేను జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం ప్రైవేటు స్కూళ్ల గుర్తింపు ఫైళ్లు చూసే సెక్షన్‌లోనే గడిచింది. ఇప్పుడు మా చుట్టుపక్కల తల్లిదండ్రులకు అర్జీలు, దరఖాస్తులు రాసిపెడుతుంటాను. చెప్పాల్సింది చాలా ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు గుర్తింపు పత్రం చూడండి. ఫీజు సంగతి తర్వాత. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 18 ప్రకారం గుర్తింపు లేకుండా ప్రైవేటు స్కూల్ నడపకూడదు. నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, అయినా ఆపకపోతే రోజుకు పది వేల దాకా. గుర్తింపు ఉందా అని నోటితో అడిగితే అందరూ ఉందనే అంటారు, కాగితం కళ్లతో చూడాలి. అది మామూలుగా రెండు మూడు పేజీల ప్రొసీడింగ్స్, అంటే ఆఫీసు ఉత్తర్వు. పైన ఆర్‌సీ నంబరు (ఆఫీసు ఫైల్ నంబరు), తేదీ ఉంటాయి. లోపల స్కూల్ పేరు, నడిపే సొసైటీ లేదా ట్రస్టు పేరు, చిరునామా, మాధ్యమం, ఏ తరగతి నుంచి ఏ తరగతి వరకు అనుమతి, ఏ విద్యా సంవత్సరం నుంచి ఏ విద్యా సంవత్సరం వరకు చెల్లుతుంది అన్నవి ఉంటాయి. తరగతులు, సంవత్సరాలు ఉన్న ఆ రెండు లైన్లూ రెండుసార్లు చదవండి. తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

ఒకే పేరుతో ఊళ్లో నాలుగైదు బ్రాంచీలు ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పక్క బ్రాంచి గుర్తింపు చూపించి ఇక్కడ అడ్మిషన్లు చేసుకునే వాళ్లున్నారు. ప్రొసీడింగ్స్‌లో ఉన్న చిరునామా, మీరు నిలబడ్డ బిల్డింగ్ చిరునామా ఒకటేనా చూడండి. బోర్డు మీద టెక్నో అనో, ఒలింపియాడ్ అనో, కాన్సెప్ట్ అనో ఏం రాసుకున్నా ఆ కాగితంలో ఏ పేరుందో అదే ప్రభుత్వం దృష్టిలో ఆ స్కూల్ పేరు.

ఇది ఎందుకింత ముఖ్యమో ఒక కేసు చెబుతాను. ఒక తండ్రి పదో తరగతి హాల్ టికెట్ పట్టుకుని మా సెక్షన్‌కు వచ్చారు. కూతురు ఏళ్ల తరబడి చదివింది ఒక స్కూల్లో, హాల్ టికెట్ మీద ఉన్నది ఎప్పుడూ వినని వేరే స్కూల్ పేరు. ఫైల్ తీయించి చూస్తే ఆమె చదివిన స్కూల్‌కు ఏడో తరగతి దాకానే గుర్తింపు ఉంది. ఎనిమిది నుంచి పిల్లలందరినీ ఇంకో స్కూల్ రిజిస్టర్లో ఎక్కించి, అక్కడి నుంచి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితాలు) పంపారు. పాప పరీక్ష రాసింది, పాసైంది. తర్వాత స్టడీ సర్టిఫికెట్ దగ్గర వచ్చింది చిక్కు. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాలకు లోకల్ అని తేల్చడానికి ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నది చూస్తారు. ప్రవేశ పరీక్షలకు పై తరగతులు కూడా చూస్తారు. ఒక స్కూల్లో కూర్చోబెట్టి ఇంకో స్కూల్ పేరు మీద కాగితాలు ఇస్తే ఆ భారం పిల్లలే మోయాలి. మీ పాప ఇప్పుడు ఆరులో చేరుతోంది కాబట్టి పదో తరగతి దాకా గుర్తింపు ఉందా, ఎప్పటి వరకు ఉందీ అన్నది ఇవాళే అడగాల్సిన ప్రశ్న.

చాలామందికి తెలియనిది ఇంకోటి ఉంది. విద్యాహక్కు నిబంధనల్లోని గుర్తింపు పత్రం నమూనాలో షరతులు రాసి ఉంటాయి. క్యాపిటేషన్ ఫీజు తీసుకోకూడదు, పిల్లల్ని వడపోసి చేర్చుకోకూడదు, పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు, అదే పేరుతో లోపలా బయటా గుర్తింపు లేని తరగతులు నడపకూడదు, లెక్కలు చార్టర్డ్ అకౌంటెంటుతో ఆడిట్ చేయించి ఏటా డీఈఓకు ప్రతి పంపాలి. స్కూల్ ఈ షరతులకు ఒప్పుకున్నాకే గుర్తింపు వస్తుంది. మీరు అడిగేది వాళ్లు ప్రభుత్వానికి ముందే రాసిచ్చిన మాట గురించే. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి.

ఇక ఫీజు. దీని గురించి అందరూ జీవోల నంబర్లు వెతుకుతారు. నేనైతే చట్టంలో ఒక్క నిర్వచనం చూడమంటాను. విద్యాహక్కు చట్టం సెక్షన్ 2లో క్యాపిటేషన్ ఫీజు అంటే స్కూల్ ప్రకటించిన ఫీజు కాకుండా తీసుకునే ఏ విరాళమైనా, చందా అయినా, చెల్లింపు అయినా అని ఉంది. స్కూల్ ప్రకటించిన ఫీజు అన్న మాట దగ్గర ఆగండి. అంటే స్కూల్ తన ఫీజును ముందుగా ప్రకటించి ఉండాలి. ప్రకటించిన దానికి మించి ఏ పేరుతో తీసుకున్నా అది క్యాపిటేషన్ కిందికి వస్తుంది. సెక్షన్ 13 ప్రకారం దానికి తీసుకున్న మొత్తానికి పది రెట్ల దాకా జరిమానా. ఉమ్మడి రాష్ట్రంలో 1983లో వచ్చిన క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం కూడా ఉంది.

అందుకే తెల్ల చీటీ మీద రాసిచ్చిన అంకెతో డబ్బు కట్టకండి. స్కూల్ లెటర్‌హెడ్ మీద ట్యూషన్ ఫీజు ఎంత, అడ్మిషన్ ఫీజు ఎంత, పుస్తకాలకెంత, బస్సుకెంత, టర్ములెన్ని అని రాసి, ముద్ర వేసి ఇమ్మనండి. కట్టిన ప్రతి రూపాయికీ స్కూల్ పేరుతో రసీదు తీసుకోండి. సగానికి రసీదు ఇచ్చి మిగతా సగానికి చీటీ ఇస్తే, ఆ రెండో సగం ప్రకటించిన ఫీజులో లేదని వాళ్లకూ తెలుసు.

ఫీజు మాట్లాడుకునేటప్పుడు కన్సెషన్ దగ్గర కూడా మోసపోతుంటారు. ముందు పెద్ద అంకె చెప్పి, "మీ కోసం ఇరవై వేలు తగ్గిస్తున్నాం, ఈ వారంలో కడితేనే" అంటారు. తగ్గించింది ఈ ఏడాదికా, పదో తరగతి దాకానా అన్నది రాయించుకోండి. రెండో ఏడు ఆ మాట చెప్పిన పీఆర్వో (స్కూల్ తరఫున అడ్మిషన్లు మాట్లాడే ఉద్యోగి) వేరే బ్రాంచికి వెళ్లిపోతారు, కొత్తగా వచ్చినాయన "మాకేం తెలియదండీ" అంటారు. ఇలా ఇబ్బందిపడ్డ తల్లిదండ్రుల అర్జీలు నా చేతి మీదుగా చాలా వెళ్లాయి. చేతిలో కాగితం ఉన్నవాళ్లకు అంతో ఇంతో న్యాయం జరిగింది. నోటిమాట నమ్మినవాళ్లకు ఆఫీసు ఏమీ చేయలేకపోయింది.

ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఫీజు ఇంతకు మించకూడదని పరిమితి పెట్టడానికి మన దగ్గర ప్రయత్నాలు జరిగాయి, కోర్టుల్లో నిలబడలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో వచ్చిన జీవో 42కూ, ఆంధ్రప్రదేశ్‌లో 2021లో వచ్చిన జీవో 53కూ అదే గతి పట్టింది. ప్రైవేటు స్కూల్ తన ఫీజు తాను నిర్ణయించుకోవచ్చు, సహేతుకమైన మిగులు ఉండొచ్చు, లాభాపేక్ష మాత్రం కూడదు అని సుప్రీంకోర్టు 2002లో టీఎంఏ పాయ్ కేసులో చెప్పింది. కాబట్టి "ఫీజు ఎక్కువగా ఉంది, తగ్గించండి" అని అర్జీ పెడితే ఫలితం తక్కువ. "ఫీజు వివరాలు ఇవ్వడం లేదు, రసీదు ఇవ్వడం లేదు, ప్రకటించిన దానికి మించి తీసుకున్నారు" అని పెడితే అధికారి కదలాల్సి వస్తుంది. అర్జీ రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

1994 జనవరి 1న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో ఎంఎస్ 1లో, వసూలు చేసిన ఫీజులో సగం సిబ్బంది జీతాలకు, 15 శాతం వాళ్ల పీఎఫ్, గ్రాట్యుటీ వంటి వాటికి, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి పోవాలనీ, యాజమాన్యానికి మిగిలేది 5 శాతమనీ ఉంది. ఆడిట్ లెక్కలు అడిగేటప్పుడు ఈ నిష్పత్తి తెలిసి ఉండటం మంచిది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకు 2019 చట్టంతో వచ్చిన పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ ఉంది, ఫిర్యాదు అక్కడికి కూడా పంపొచ్చు.

యూనిఫాం, బూట్లు, బెల్టుల గురించి కూడా తరచూ అడుగుతారు. హైదరాబాద్ జిల్లా విద్యాధికారి 2024లో ఇచ్చిన ఆదేశాల్లో, ఏ బోర్డు స్కూలైనా సరే, వీటిని స్కూల్ ఆవరణలో అమ్మకూడదని ఉంది. పుస్తకాలు, నోట్‌బుక్కులు అమ్మితే లాభం లేకుండా అమ్మాలి. మీది మేడ్చల్ కాబట్టి మీ డీఈఓ ఏ ఆదేశాలు ఇచ్చారో వాటి ప్రతి అడగండి. "ఇక్కడే కొనాలి" అని స్కూల్ అంటే, ఆ మాటను డైరీలో గానీ వాట్సాప్‌లో గానీ రాసి పంపమనండి. రాతలోకి వచ్చేసరికి చాలామంది వెనక్కి తగ్గుతారు.

పాపతో రాయించిన పరీక్ష. ఎనిమిదో తరగతి వరకు పిల్లల్ని పరీక్ష పెట్టి గానీ, పిల్లలనో తల్లిదండ్రులనో ఇంటర్వ్యూ చేసి గానీ ఎంపిక చేసుకోకూడదు. సెక్షన్ 13 దీన్నీ నిషేధిస్తుంది. మొదటిసారి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. స్కూళ్లు దీనికి చెప్పే జవాబు "సీటు కోసం కాదు, ఏ సెక్షన్‌లో వేయాలో చూడటానికి" అని. అయితే అడ్మిషన్ అయ్యాక, డబ్బు కట్టాక పెట్టొచ్చు కదా? సీటు చెప్పకముందే పెట్టారంటే దాన్ని వడపోత అనే అనాలి. ఆ పరీక్షకు ఫీజు తీసుకుని ఉంటే రసీదు దాచిపెట్టండి.

చేరాక మీకు అందాల్సిన సమాచారం. అడ్మిషన్ అప్పుడు అందరూ ఫీజు గురించే పోరాడతారు, జూన్ దాటాక అడగడం మానేస్తారు. నాకు ఇదే ఎక్కువ బాధ. సెక్షన్ 24 టీచర్ల బాధ్యతలు చెబుతుంది. పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, నేర్చుకున్నది ఎంతవరకు వచ్చింది, ఇంకా అవసరమైన సమాచారం ఏదైనా సరే, తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై తెలియజేయాలని అందులో రాసి ఉంది. పేరెంట్స్ మీటింగ్ అంటే ఫీజు బకాయిల లిస్టు చదవడం అనుకునే స్కూళ్లకు ఈ సెక్షన్ చూపించండి. జవాబు పత్రాలు చూపించమని అడగండి. మార్కులు తక్కువ వచ్చాయని మీ పాపను వేరే సెక్షన్‌కు మార్చితే కారణం అడగండి. కొట్టినా, క్లాసు బయట నిలబెట్టినా, ఫీజు కట్టలేదని అందరి ముందూ పేరు పిలిచి లేపినా అది సెక్షన్ 17 కిందికి వస్తుంది. అత్యవసరమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

పాపకు పాఠం చెప్పే టీచర్ల అర్హత కూడా అడగొచ్చు. సెక్షన్ 23 టీచర్లకు కనీస అర్హతలు ఉండాలంటుంది. చట్టం షెడ్యూల్ ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ప్రతి 35 మంది పిల్లలకు ఒక టీచర్ ఉండాలి. సైన్సు-గణితం, సాంఘికం, భాషలు, వీటిలో ఒక్కోదానికి కనీసం ఒక్కరైనా ఉండాలి. క్లాసులో ఎంతమంది కూర్చుంటున్నారో పాపనే అడగండి, చెప్పేస్తుంది.

బస్సు నంబరు మీ దగ్గరుంటే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి ఫిట్‌నెస్ ఎప్పటి వరకు ఉందో మీరే చూసుకోవచ్చు. దీనికి ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

స్కూల్ గడప దాటకుండానే దొరికే సమాచారం. సీబీఎస్‌ఈ స్కూలైతే తప్పనిసరి బహిరంగ ప్రకటన అనే పేజీ ఆ స్కూల్ సొంత వెబ్‌సైట్‌లో ఉండాలి. అఫిలియేషన్ లేఖ, రాష్ట్ర గుర్తింపు, భవన భద్రత, అగ్నిమాపక శాఖ సర్టిఫికెట్లు, ఫీజు వివరాలు, విద్యా క్యాలెండరు, మూడేళ్ల ఫలితాలు, టీచర్ల సంఖ్య, స్పెషల్ ఎడ్యుకేటర్, కౌన్సెలర్ వివరాలు, టాయిలెట్ల సంఖ్య దాకా అందులో పెట్టాలి. పెట్టకపోయినా, పాతవి పెట్టినా బోర్డుకు ఫిర్యాదు చేయొచ్చు. ఫైర్ సర్టిఫికెట్ తెరిచి గడువు తేదీ చూడండి. అప్‌లోడ్ చేసి మర్చిపోయినవి చాలా ఉంటాయి.

స్టేట్ సిలబస్ అయితే యూడైస్ ప్లస్ అనే సైట్‌లో (దేశంలోని స్కూళ్ల వివరాలు కేంద్ర విద్యాశాఖ ఉంచే చోటు) "నో యువర్ స్కూల్" అనే భాగం ఉంది. ప్రతి స్కూల్‌కూ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. తెలంగాణవి 36తో, ఆంధ్రప్రదేశ్‌వి 28తో మొదలవుతాయి. కోడ్ కొడితే ఏ తరగతులు నడుపుతున్నారు, టీచర్లెంతమంది, గదులెన్ని అన్నది కనిపిస్తుంది. ఆ వివరాలు స్కూలే ఎక్కించినవి కాబట్టి గుడ్డిగా నమ్మొద్దు, కానీ అబద్ధం ఎక్కిస్తే అదే వాళ్ల మీద సాక్ష్యం. కోడ్ చెప్పడానికి కూడా స్కూల్ తటపటాయిస్తే అక్కడే ఆలోచించుకోండి.

స్కూల్ ఇవ్వకపోతే ఎలా తీసుకోవాలి? మొదట స్కూల్‌కే ఒక పేజీ ఉత్తరం రాయండి. నోటితో ఎన్నిసార్లు అడిగినా లెక్కలోకి రాదు. ఇలా రాస్తే చాలు:

"ప్రిన్సిపాల్ గారికి, మా అమ్మాయిని ఆరో తరగతిలో చేర్పించదలచి దిగువ వివరాలు కోరుతున్నాము. ఒకటి, పాఠశాల గుర్తింపు ఉత్తర్వుల ప్రతి. రెండు, ఈ విద్యా సంవత్సరానికి ఆరో తరగతికి ప్రకటించిన ఫీజు, అంశాల వారీగా. మూడు, తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన నియమావళి ప్రతి. నాలుగు, పాఠశాల యూడైస్ కోడ్. వారం రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వగలరు."

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ, ముద్ర తీసుకోండి. ఆఫీసులో తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు, ట్రాకింగ్ ప్రింటు దాచండి. గొంతు పెంచొద్దు, బెదిరించొద్దు, జీవోల నంబర్లు గుప్పించొద్దు. మర్యాదగా రాసిన ఉత్తరానికి జవాబివ్వకపోవడం తర్వాత అధికారి ముందు వాళ్లకే ఇబ్బంది. మా దగ్గరి ఒక తల్లి ఇలాంటి ఉత్తరమే ఇస్తే, నెలరోజులు "పాలసీ" అన్న స్కూల్ వారం తిరక్కుండా ముద్ర వేసిన ఫీజు పట్టిక ఇచ్చింది. అంతకుముందు చీటీలో ఉన్న "డెవలప్‌మెంట్" పద్దు ఆ పట్టికలో లేదు.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం. ప్రైవేటు స్కూల్‌కు నేరుగా ఈ దరఖాస్తు పెట్టకండి, ఎయిడెడ్ (ప్రభుత్వ సాయం పొందే) కాని స్కూల్, ఈ చట్టం మాకు వర్తించదని తిప్పి పంపుతుంది. డీఈఓ ఆఫీసులోని పౌర సమాచార అధికారికి పెట్టండి. సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం, ఒక ప్రైవేటు సంస్థ గురించి ఏదైనా చట్టం కింద ప్రభుత్వ అధికారి తెప్పించుకోగల సమాచారం కూడా "సమాచారమే". విద్యాహక్కు చట్టం సెక్షన్ 12(3) ఏమంటుందంటే, ప్రభుత్వం గానీ స్థానిక సంస్థ గానీ అడిగిన సమాచారం ప్రతి స్కూలూ ఇవ్వాలి. ఈ రెండు సెక్షన్లూ దరఖాస్తులో పక్కపక్కన రాయండి. "ఇది ప్రైవేటు స్కూల్ సమాచారం, మా దగ్గర లేదు" అనే జవాబుకు చోటుండదు.

అడగాల్సినవి: గుర్తింపు ఉత్తర్వుల ప్రతి, గుర్తింపు కోసం స్కూల్ ఇచ్చిన స్వీయ ప్రకటన, ఆఖరుసారి జరిగిన తనిఖీ నివేదిక, భవన, అగ్నిమాపక సర్టిఫికెట్లు, స్కూల్ సమర్పించిన ఫీజు వివరాలు, ఆడిట్ లెక్కలు, టీచర్ల సంఖ్య, అర్హతలు. స్వీయ ప్రకటన సంగతి గట్టిగా పట్టుకోండి. విద్యాహక్కు చట్టం కింద వచ్చిన 2010 కేంద్ర నిబంధనల ప్రకారం డీఈఓ దాన్ని అందిన 15 రోజుల్లో ప్రజలకు అందుబాటులో ఉంచాలి, అంటే అందులో రహస్యమేమీ లేదు. టీచర్ల పేర్లు, ఫోన్లు అడగొద్దు, వ్యక్తిగత సమాచారం అని మొత్తం దరఖాస్తే పక్కన పెట్టే అవకాశం ఇచ్చినట్టవుతుంది. ఆడిట్ లెక్కల విషయంలో ఆఫీసు స్కూల్‌కు నోటీసిచ్చి అభ్యంతరం అడగొచ్చు, అప్పుడు కొంచెం ఆలస్యమవుతుంది. అందుకే లెక్కలకు విడిగా ఇంకో దరఖాస్తు పెట్టడం మేలు. ఒక్కదాని కోసం మిగతావన్నీ ఆగిపోకూడదు కదా.

ఫీజు జిల్లా ఆఫీసులో పది రూపాయలు, మండల స్థాయిలో ఐదు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. కోర్టు ఫీజు స్టాంపు గానీ పోస్టల్ ఆర్డర్ గానీ పెట్టొచ్చు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు దారిద్ర్యరేఖ దిగువన ఉన్నట్టు కాగితం జత చేస్తే ఫీజు అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. అనుభవంతో చెబుతున్నాను, మొదటి అప్పీలు దాకా వెళ్లినవాళ్లకు చాలావరకు కాగితాలు అందుతాయి. దరఖాస్తు పెట్టి మర్చిపోయిన వాళ్ల ఫైలే అడుగున పడిపోతుంది.

ఫిర్యాదు అయితే వేరే దారి. ముందు మండల విద్యాధికారికి, కదలిక లేకపోతే డీఈఓకు. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ సోమవారమే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు పడుతుంది, ఆ నంబరుతో వెంటపడొచ్చు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద స్థానిక అధికారి మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు. వినియోగదారుల ఫోరానికి వెళ్లమని కొందరు సలహా ఇస్తారు. చదువు "సేవ" కిందికి రాదని జాతీయ కమిషన్ 2020లో చెప్పింది కాబట్టి స్కూల్ ఫీజుల గొడవకు ఆ దారి నేను చెప్పను.

టీసీ భయం. "ఎక్కువ అడిగితే రేపు టీసీ ఇవ్వరేమో" అన్న టెన్షన్‌తోనే చాలామంది నోరు కట్టేసుకుంటారు. విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం, పిల్లలు సర్కారు లేదా ఎయిడెడ్ స్కూల్‌కు మారుతుంటే టీసీ వెంటనే ఇవ్వాలి, ఆలస్యం చేసిన హెడ్‌మాస్టర్ మీద క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు, టీసీ రాలేదన్న కారణంతో కొత్త స్కూల్ అడ్మిషన్ ఆపకూడదు. ప్రైవేటు నుంచి ప్రైవేటుకు మారేటప్పుడు ఈ సెక్షన్ సూటిగా పనిచేయదు. అయితే టీసీ ఫీజు బకాయిలు వసూలు చేసుకునే సాధనం కాదని మద్రాస్ హైకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది. అది మన రాష్ట్రాల మీద కట్టుబాటు కాకపోయినా డీఈఓకు ఇచ్చే అర్జీలో ప్రస్తావిస్తే బరువు ఉంటుంది. బకాయి ఉంటే స్కూల్ సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు. పిల్లల కాగితాలు పట్టుకుని కూర్చునే హక్కు లేదు.

సంతకం అడిగిన ఆ ఫారం. చదవకుండా సంతకం చేయొద్దు. నియమావళి ప్రతి ఇవ్వకుండా తప్పదని పట్టుబడితే, సంతకం పైన "నియమాల ప్రతి నాకు అందలేదు" అని మీ చేత్తో రాసి, తేదీ వేసి, ఫోటో తీసుకోండి. చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటున్నామని మీరు రాసిచ్చినా, 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 ప్రకారం అలాంటి ఒప్పందం చెల్లదు. ఆ కాగితాల కట్టలో అపార్ ఐడీ (ప్రతి విద్యార్థికీ ఇచ్చే ఒక శాశ్వత గుర్తింపు నంబరు) సమ్మతి పత్రం కూడా ఉండొచ్చు. అది స్వచ్ఛందమని కేంద్రమే చెప్పింది. ఇష్టమైతే ఇవ్వండి, ఇష్టం లేకపోతే అదే కాగితం మీద రాసివ్వండి. ఆ కారణంతో అడ్మిషన్ ఆపకూడదు.

కొన్ని మినహాయింపులు కూడా చెప్పాలి. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిది, పది తరగతులకు 1994 నిబంధనలు, 1983 చట్టం, బోర్డు నియమాలే ఆధారం. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. 2025లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం దాని మీద సందేహం చెప్పి పెద్ద ధర్మాసనానికి పంపింది. కాబట్టి మీరు చూస్తున్నది మైనారిటీ స్కూల్ అయితే ముందు ఆ హోదా కాగితం అడగండి. బలహీన వర్గాలకు 25 శాతం సీట్ల గురించి కూడా మీకు ఆశ ఉండొచ్చు. అది ఒకటో తరగతి లేదా అంతకన్నా కింది ప్రవేశాలకే, ఆరో తరగతికి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి అమలవుతోంది. తెలంగాణలో ఏళ్ల తరబడి అమలు కాకుండా ఉండిపోయింది.

మీ విషయంలో ఇప్పుడు చేయాల్సింది: స్కూల్‌కు ఉత్తరం ఈ వారమే ఇవ్వండి, దాని జవాబు కోసం ఆగకుండా డీఈఓ ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు కూడా పెట్టేయండి. స్కూళ్లు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. 30 రోజుల గడువు లెక్కేసుకుంటే మే మొదటి వారం దాటితే ఆ కాగితాలు పాప క్లాసులో కూర్చున్నాకే వస్తాయి. ఈలోగా "సీట్లు అయిపోతున్నాయి" అని ఫోన్లు వస్తాయి, అడ్వాన్సు కట్టకండి. ప్రొసీడింగ్స్ ప్రతి చేతికొచ్చాక అందులో ఏ లైనైనా అర్థం కాకపోతే, పాప పేరు, మీ ఫోన్ నంబరు చెరిపేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.